ఆటగాడికి వైద్యమా, గేటు బయటికి గెంటడమా?

షిఫ్టు దిగి టీకొట్టు దగ్గర నిలబడే పది నిమిషాల్లో మనవాళ్ళు తేల్చని విషయమంటూ ఉండదు. ఈమధ్య అక్కడ చెప్పిన తీర్పు ఒకటి మాకు మింగుడు పడలేదు. హాస్టల్ కుర్రాళ్ళు సెల్‌ఫోన్‌లో ఫుట్‌బాల్ చూస్తూ, మత్తుమందు వాడి దొరికిపోయిన ఆటగాళ్ళ సంగతి ఎత్తారు. "కోట్లు తీసుకుంటూ వీళ్ళకిదేం రోగం? దొరికిన రోజే గేటు బయటికి గెంటాల" అన్నాడు ఒక పెద్దన్న. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆ అన్న ఇరవై ఏళ్ళుగా సంఘానికి చందా కడుతున్నవాడు. ఒక్క ఛార్జిషీటుతో ఇంటి పొయ్యి ఎలా ఆరిపోతుందో మా అందరికంటే బాగా ఎరిగినవాడు. అలాంటివాడి నోట యాజమాన్యం మాట రావడం మాకు బాధ కలిగించింది. అందుకే ఈ విషయం మీద మా అభిప్రాయం రాస్తున్నాం.

మిల్లు కార్మికులకు ఫుట్‌బాల్‌తో ఏం పని అనవచ్చు. పని ఉంది. పంజాబులోని ఫగ్వాడాలో జేసీటీ బట్టల మిల్లు పేరుతో ఆడిన జట్టే 1996-97లో దేశంలో మొట్టమొదటి జాతీయ లీగ్ గెలిచింది. బొంబాయిలో మఫత్‌లాల్ మిల్లుకూ జట్టు ఉండేది. మన తెలుగు గడ్డ మీద పేరు మోసిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో ఆడినవాళ్ళు పోలీసు శాఖ ఉద్యోగులే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే 1951లోనూ, 1962లోనూ దేశానికి ఆసియా క్రీడల బంగారు పతకాలు వచ్చాయి. జేసీటీ జట్టును 2011లో యాజమాన్యం మూసేసింది, మిల్లులో ఒక డిపార్ట్‌మెంటును మూసినట్టే. ఆటగాడికీ కాంట్రాక్టు ఉంటుంది, పైన యజమాని ఉంటాడు, జరిమానా ఉంటుంది, మోకాలు విరిగితే పక్కన పెట్టడం ఉంటుంది. జీతం ఎంత పెద్దదైనా అతను కూలివాడే. అతన్ని ఎలా చూడాలన్నది కార్మికుల ప్రశ్నే అవుతుంది.

మారడోనా కథ తెలియనివారు తక్కువ. 1984లో ఇటలీలోని నాపోలి క్లబ్బుకు వచ్చాడు. అతనుండగా ఆ క్లబ్బు 1987లో, 1990లో లీగ్ గెలిచింది, 1989లో యుఎఫా కప్పు గెలిచింది. కొకైన్ అలవాటు నాపోలికి రాకముందే, బార్సిలోనాలో ఆడుతున్నప్పుడే మొదలైందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. అంటే ఆ ఏళ్ళన్నీ ఆ మనిషి మత్తుతోనే బతికాడు. గోల్స్ పడుతున్నంతకాలం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. 1991 మార్చిలో పరీక్షలో దొరికాడు, 15 నెలల నిషేధం పడింది, మళ్ళీ నాపోలికి ఆడనేలేదు. ఉత్పత్తి వస్తున్నంతవరకు కళ్ళు మూసుకోవడం, రాని రోజున నీతి గుర్తుకు రావడం మనకు తెలియని సంగతా?

అంతకంటే ఘోరమైనది ముట్టు కేసు. రుమేనియా ఆటగాడు ఆద్రియాన్ ముట్టును 2003లో లండన్‌లోని చెల్సీ క్లబ్బు ఇటలీ నుంచి కొని తెచ్చింది. మరుసటి ఏడాది కొకైన్ పరీక్షలో దొరికాడు. క్లబ్బు నెల తిరక్కముందే డిస్మిస్ చేసింది. ఆటల సంఘం ఏడు నెలల నిషేధం వేసింది. అంతటితో ఆగి ఉంటే ఒక రకం. "నిన్ను కొనడానికి మేం పెట్టిన డబ్బు కట్టు" అని చెల్సీ అతని మీదే దావా వేసింది. 2008లో ఫిఫా ఒక కోటీ 70 లక్షల యూరోలకు పైగా కట్టాలని తీర్పిచ్చింది. 2009లో క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాన్నే ఖాయం చేసింది. 2018లో యూరప్ మానవ హక్కుల కోర్టులోనూ అతనికి ఊరట దొరకలేదు. ముట్టు కోటీశ్వరుడు, అతని మీద జాలిపడమని మేం అడగడం లేదు. కానీ కూలివాణ్ణి తీసేసి, వాడికోసం పెట్టిన పెట్టుబడిని వాడి దగ్గరే వసూలు చేయడమనే పద్ధతి ఎక్కడిది? మన రాష్ట్రపు స్పిన్నింగు మిల్లుల్లో సుమంగళి పథకం పేరుతో ఆడపిల్లల్ని మూడేళ్ళు కట్టిపడేసి, మధ్యలో వెళ్ళిపోతే చివర ఇస్తామన్న సొమ్ము ఎగ్గొట్టిన రోజులు మరిచిపోయామా? లండన్‌లో కోటు వేసుకుని చేసిన పని, ఇక్కడ చొక్కా మడిచి చేసిన పని ఒకటే.

అదే ఇంగ్లండులో ఇంకో దారీ ఉంది. 1994 నవంబరులో ఆర్సెనల్ ఆటగాడు పాల్ మెర్సన్ తాగుడు, జూదం, కొకైన్ మూడూ తనను పట్టి పీడిస్తున్నాయని బహిరంగంగా చెప్పుకున్నాడు. గెంటేయలేదు. చికిత్సకు పంపారు. 1995 ఫిబ్రవరిలో మళ్ళీ మైదానంలో దిగాడు, 1998 ప్రపంచ కప్పులో దేశానికీ ఆడాడు. జూదం మాత్రం ఆ తర్వాతా చాలాకాలం అతన్ని వదల్లేదు. ఒక్క చికిత్సతో అంతా నయమైపోతుందని మేం చెప్పబోం. 2015లో హల్ సిటీ ఆటగాడు జేక్ లివర్‌మోర్ కొకైన్‌తో దొరికాడు. క్లబ్బు సస్పెండ్ చేసింది గానీ కాంట్రాక్టు చింపేయలేదు. విచారణలో తెలిసిందేమిటంటే, అంతకు ముందు ఏడాది అతని పసిబిడ్డ పుట్టగానే చనిపోయాడు, ఆ దుఃఖం ఎవరికీ చెప్పుకోలేదు. నిషేధం వేయకుండా వదిలారు. 2017లో అతను ఇంగ్లండు జట్టులో ఆడాడు. విచారణ అంటే "తాగావా లేదా" అనడంతో అయిపోయేది కాదు, "ఎందుకు తాగావయ్యా" అని అడగడం కూడా.

ప్రపంచ డోపింగ్ నిబంధనలు కూడా 2021 నుంచి ఈ తేడాను ఒప్పుకున్నాయి. కొకైన్, హెరాయిన్, గంజాయి వంటివి పోటీ లేని రోజుల్లో, ఆటతో సంబంధం లేకుండా వాడినట్టు తేలితే నిషేధం మూడు నెలలే. చికిత్స పూర్తిచేస్తే ఒక్క నెల. 2025లో గుజరాత్ టైటన్స్‌కు ఆడుతున్న దక్షిణాఫ్రికా బౌలర్ కగిసో రబాడా నెల రోజుల నిషేధంతో తిరిగి జట్టులో చేరింది మనవాళ్ళు చూసిందే. బలం పెంచే మందు కొట్టి ఆడేవాడు ఎదుటివాడి గెలుపును దొంగిలిస్తాడు, వాడి శిక్ష వేరు. మత్తుకు బానిసైనవాడు ముందు తన ఒంటినే కాల్చుకుంటాడు. మన దేశపు 1985 మత్తుమందుల చట్టంలో కూడా 64ఏ సెక్షన్ ఉంది. బానిసైనవాడు తనంత తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ఒప్పుకుంటే వాడుక నేరానికి కేసు నుంచి తప్పిస్తుంది. పోలీసు చట్టానికి ఉన్నపాటి కనికరం క్లబ్బులకు, మిల్లులకు లేకపోతే ఎట్లా?

ఇక మన ఇంటి సంగతి. పేరు చెప్పని ఒక మిల్లులో రింగ్ ఫ్రేముల దగ్గర డాఫరుగా చేసిన కుర్రాడు ఉండేవాడు. కృష్ణగిరి అవతల పల్లె. ఆదివారాలు హోసూరులో మనవాళ్ళు ఆడే ఫుట్‌బాల్‌లో ఎడమ వైపు నుంచి వాడు పరుగెత్తుకొస్తే ఆపేవాడు లేడు. రాత్రి షిఫ్టు మీద ఓవర్‌టైము, మళ్ళీ రాత్రి షిఫ్టు. నిద్ర ఆపుకోవడానికి ఎవరో నేర్పిన బీడీ, ఆ బీడీలోకి గంజాయి వచ్చింది. హాస్టల్ సోదాలో దొరికాడు. డొమెస్టిక్ ఎంక్వైరీ ఒక్క పూటలో ముగిసింది. వాడి పక్కన కూర్చోవడానికి సంఘం తరఫున ఎవరూ వెళ్ళలేదు. నిజం రాస్తున్నాం, గంజాయి కేసులో తలదూరిస్తే సంఘం పేరు చెడుతుందని మేమే వెనక్కి తగ్గాం. రెండు నెలల తర్వాత వాడి నాయన ఆఫీసుకు వచ్చి, "జ్వరమొస్తే ఈఎస్ఐ చీటీ పట్టుకుని సెలవిప్పిస్తారు గదా సామీ, దీనికెందుకు ఇప్పించలే?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాం. ఆ కుర్రాడిప్పుడు మార్కెట్లో మూటలు మోస్తున్నాడు. ఆదివారం ఆటకు రావడం లేదు.

పెద్దన్న మాటలో న్యాయం లేకపోలేదు. మత్తులో ఉన్నవాణ్ణి కార్డింగ్ మిషను ముందు నిలబెడితే వాడి చెయ్యే కాదు, పక్కవాడి చెయ్యీ పోతుంది. అలాంటివాణ్ణి ఆ నిమిషమే మిషను నుంచి తప్పించాల్సిందే, ఆటగాడైతే మైదానం నుంచి తప్పించాల్సిందే. ఇందులో మొహమాటం పనికిరాదు. తోటివాళ్ళకు సరుకు అమ్మి బతికేవాడి తరఫునా మేం నిలబడం. కానీ మిషను నుంచి తప్పించడం వేరు, బతుకు నుంచి తప్పించడం వేరు. ఇంకో మాట. దొరికితే ఉద్యోగం పోతుందని తెలిసినవాడు చికిత్సకు రాడు, దాక్కుంటాడు. దాక్కున్నవాడే మిషను దగ్గర అందరికీ ప్రమాదం.

క్లబ్బు గానీ మిల్లు గానీ మొదటిసారి దొరికినవాణ్ణి పని నుంచి తప్పించి, చికిత్సకు పంపి, నయమయ్యాక డాక్టరు చీటీతో అదే పనిలోకి తీసుకోవాలన్నది మా అభిప్రాయం. ఈలోగా పస్తులుండకుండా చూడాలి. సస్పెన్షన్‌లో ఉన్నవాడికి విచారణ ముగిసేదాకా మొదటి 90 రోజులు సగం జీతం, ఆపైన ముప్పాతిక ఇవ్వాలన్న నియమం ఉండనే ఉంది. చికిత్స రోజులకూ అంతకు తక్కువ కాకుండా ఇవ్వాలని అడుగుతున్నాం. పరీక్ష చేస్తే మేనేజరు నుంచి డాఫరు దాకా అందరికీ చేయాలి, ఫలితం నోటీసు బోర్డుకు ఎక్కకూడదు. రెండోసారి, మూడోసారి దొరికితే ఏం చేయాలన్నదాని మీద మాలోనే ఏకాభిప్రాయం లేదు, సభ్యులు చెప్పాలి. చికిత్సకు ఎక్కడికో పోనక్కరలేదు. హోసూరులో బస్సెక్కితే బెంగుళూరు నిమ్హాన్స్‌లో మత్తు మాన్పించే విభాగమే ఉంది.

రాబోయే వేతన ఒప్పందం కోర్కెల పత్రంలో చికిత్స సెలవు అనే అంశాన్ని చేర్చి చిత్తుప్రతి తయారు చేశాం. గేటు మీటింగులో చదివి వినిపిస్తాం. పెద్దన్న కూడా వచ్చి తన మాట అక్కడ చెప్పాలని కోరుతున్నాం. ఆ కుర్రాడి నాయనకూ కబురు పంపాం.