తాకత్ సరే, బునియాద్ సంగతేంటి?

మజిల్ కారు మాట ఎత్తితే చాలు, మన దోస్తులు అడిగే మొదటి సవాల్ ఒకటే: "భాయ్, హార్స్‌పవర్ ఎంత?" రెండో సవాల్ రంగు గురించి. మూడోది ధర గురించి. ఆ హార్స్‌పవర్‌ని నేల దాకా తీసుకెళ్లే వెనక ఇరుసు ఎట్లా ఉంది, ఆ జోరుని మోసే ఒళ్లు ఎంత మజ్బూత్‌గా ఉంది అని అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. యాభై అరవై ఏళ్ల నాటి మజిల్ కారు మీద ఖర్చు పెట్టదలుచుకుంటే మొదటి డాలరు ఇంజన్‌కి పోకూడదు. వెనక సస్పెన్షన్‌కి, ఛాసిస్‌కి పోవాలి. ఇది ఉత్త షౌక్ గురించిన బహస్ కాదు. ఆ కారులో కూర్చునే పిల్లల జాన్ గురించిన మాట.

నేనుండేది డెట్రాయిట్ పక్కన. ఇక్కడ మన తెలుగువాళ్లలో చాలామందికి రోజీ రోటీ కార్ల పరిశ్రమలోనే. 1995 నుంచి ఆగస్టు నెలలో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. పాత కార్లన్నీ పెళ్లి బారాత్ లాగా మెల్లగా సాగిపోతుంటే రోడ్డు పక్కన కుర్చీలేసుకుని జనం చూస్తారు. ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసి, ఇల్లు కట్టి, పిల్లల్ని కాలేజీకి పంపిన మనవాళ్లు కూడా ఇప్పుడు ఆ బారాత్‌లో తామూ ఉండాలని తమన్నా పడుతున్నారు. ముబారక్! కానీ కొనే ముందు ఈ కార్ల తారీఖ్ కొంచెం తెలుసుకోవాలి.

1964లో పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ అనే మామూలు మధ్యరకం కారులో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజన్ పెట్టి జీటీఓ అన్నారు. అదే ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్ జనం ముందుకొచ్చింది. దాని కింద ఉన్నదంతా చాలావరకు ఫాల్కన్ అనే చవక కుటుంబ కారు సామానే. 1967 మోడల్‌గా షెవర్లే కమారో వచ్చింది. మూడింటి వెనకా ఉన్న హిసాబ్ ఒకటే: ఒళ్లు మామూలుది, ఇంజన్ పహిల్వాన్‌ది. ఒంగోలు గిత్తల్ని తెచ్చి ఇరుసు వదులైన బండికి కట్టినట్టు. గిత్తల తప్పేం లేదు. బండి సంగతే ఎవరూ చూడలేదు.

వెనక చక్రాల దగ్గర అసలు మస్లా ఏంటో చూద్దాం. కమారో, మస్టాంగ్ రెండింటికీ వెనక ఉండేది లీఫ్ స్ప్రింగే. మన విజయవాడ ఆటోనగర్‌లో లారీ మేస్త్రీలు దాన్ని కమాన్ కట్ట అంటారు. విల్లులా వంగి ఉంటుంది కాబట్టి కమాన్. ఎంత ఖూబ్‌సూరత్ పేరు! ఈ కమాన్ మీద కంపెనీ మూడు పనులు పెట్టింది. బరువు మోయాలి. ఇరుసుని ముందుకీ వెనక్కీ, పక్కలకీ జరగకుండా పట్టుకోవాలి. ఇంజన్ తిప్పే తిప్పుడుకి ఇరుసు తానే మెలితిరగకుండా ఆపాలి. ఒక్క నౌకర్‌కి మూడు కొలువులు.

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఏమవుతుంది? చక్రం ముందుకి తిరగబోతుంది. ఇరుసు డొల్ల దానికి ఉల్టా తిరగబోతుంది. ఆ జోరుకి కమాన్ పాము మెలికలా వంగుతుంది. టైరు పట్టు తప్పగానే కమాన్ టపీమని మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. టైరు నేలని పట్టుకోగానే మళ్లీ వంగుతుంది. సెకనులో ఇది ఎన్నోసార్లు జరిగితే వెనక చక్రాలు దఫ్ వాయించినట్టు ఎగిరెగిరి పడతాయి. దీన్నే వీల్ హాప్ అంటారు. జాయింట్లు, ఇరుసు రాడ్లు విరగ్గొట్టే షైతాన్ ఇదే.

1967 కమారోల్లో చాలావాటికి కమాన్ కట్టలో ఒకే ఒక్క పట్టీ ఉండేది. కంపెనీకే ఈ ఖరాబీ తెలిసొచ్చింది. 1968లో జోరున్న మోడళ్లకి పట్టీలు పెంచారు. వెనక షాక్ అబ్జార్బర్లలో ఒకటి ఇరుసుకి ముందు, ఇంకొకటి వెనక బిగించారు, ఆ మెలికని కాస్త ఆపుతుందని. క్రైస్లర్ వాళ్ల తరీఖా ఇంకొకటి. ఇరుసుని కమాన్ నడిమధ్యలో కాకుండా ముందుకి జరిపి బిగించారు. ముందు భాగం పొట్టిగా, గట్టిగా ఉంటే మెలిక తగ్గుతుంది. చవకైన అఖ్ల్, కానీ మంచి అఖ్ల్.

ఇక ఒళ్లు. మొదటి తరం కమారోలో ముందు సగానికి ఒక ఉక్కు చట్రం ఉంటుంది, ఇంజన్నీ ముందు చక్రాలనీ మోసేది. వెనక సగానికి వేరే చట్రం లేదు. రేకులు మడిచి అతికించిన శరీరమే చట్రం. ముందు చట్రాన్ని శరీరానికి రబ్బరు దిమ్మల మధ్య బోల్టులతో బిగించారు. రెండు సగాల మధ్య ఉన్నది నేల రేకు, గుమ్మాల కింది పట్టీలు, అంతే. కారు కొత్తగా ఉన్నప్పుడే అది కాస్త మెలితిరిగేది. మిషిగన్ చలికాలం ఉప్పు యాభై ఏళ్లు తిన్నాక దాని హాల్ ఏమిటో ఊహించుకోండి. జాకీ మీద ఒక మూల ఎత్తితే తలుపు మూసుకోని కార్లని నేను చూశాను. అట్లాంటి ఒంటికి ఐదువందల హార్స్‌పవర్ అంటగట్టడం ఇల్మ్ లేని పని.

"అంతా మీ ఇంజనీర్ల వహమ్" అనేవాళ్లకి నా జవాబ్ షెల్బీ జీటీ350. 1965లో కారోల్ షెల్బీ మనుషులు మస్టాంగ్‌ని రేసు గుర్రం చేయబూనినప్పుడు ఇంజన్‌కి ఎంత కలిపారో తెలుసా? 271 ఉన్నదాన్ని 306 చేశారు. ముప్పై అయిదు గుర్రాలు, అంతే. మిగతా మెహనత్ ఎక్కడ పెట్టారు? ఇరుసు మెలితిరగకుండా పొడవాటి ట్రాక్షన్ బార్లు వేశారు. ఇరుసు మరీ కిందికి వేలాడకుండా తాళ్లు కట్టారు. మంచి కోనీ షాక్‌లు బిగించారు. ముందు సస్పెన్షన్ చేతుల్ని ఒక అంగుళం కిందికి దించారు. ఇంజన్ గదికి అడ్డంగా కడ్డీలు బిగించి ముందు భాగాన్ని గట్టిపరిచారు. ఆ ఏడాదే ఆ కారు అమెరికాలో తన తరగతి జాతీయ చాంపియన్‌షిప్ గెలిచింది. పని తెలిసిన ఉస్తాదులు డబ్బు ఎక్కడ పెట్టారో చూశారు కదా. మనం అరవై ఏళ్ల తర్వాత ఆ సబక్‌ని ఉల్టా చదువుతున్నాం.

ఈ సబక్ నాకు పుస్తకంలో దొరికింది కాదు. నా దోస్త్ ఒకాయన 1968 కమారో కొన్నాడు. ఒక వర్క్‌షాపు వాళ్లు ఆయనకి కొత్త ఇంజన్ అమ్మారు, మెరిసే చక్రాలు అమ్మారు. కమాన్ కట్టలు మాత్రం కారుతో పాటు పుట్టినవే. వాన తడి ఆరని సాయంత్రం ఫ్రీవే ఎక్కే మలుపులో ఆయన కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చాడు. వెనక చక్రాలు ఎగిరాయి, కారు తోక తిరిగి గడ్డిలోకి పోయింది. పక్కసీట్లో పదిహేడేళ్ల కొడుకు. ఇద్దరికీ గీత కూడా పడలేదు, శుకర్. అయినా ఆ ఇంటి భాభీ ఇప్పటికీ ఆ కారు ఎక్కరు. ఆ వర్క్‌షాపు వాళ్లు ఇచ్చిన కొటేషన్ కాగితం నేను చూశాను. రెండు పేజీల్లో సస్పెన్షన్ అన్న లఫ్జ్ ఒక్కసారి కూడా లేదు. నా గుస్సా ఇంజన్ మీద కాదు, ఆ కాగితం మీద.

మరి చేయాల్సిన పని తర్తీబ్ ఏంటి? నాకు తెలిసింది చెప్తాను.

మొదట తుప్పు. కమాన్ ముందు కన్ను ఉండే గూడు, వెనక వేలాడే షాకిల్ దగ్గర, గుమ్మాల కింద, వెనక పట్టాల పొడవునా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడితే ముందు అక్కడ కొత్త ఉక్కు పడాలి. పుచ్చిన రేకుకి ఎంత మంచి వెల్డింగ్ చేసినా అది ధోకానే.

రెండోది, ముందు చట్రాన్ని వెనక పట్టాలతో కలిపే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు. రెండు ఉక్కు గొట్టాలు, చూస్తే ఏమంత ఉండవు. కానీ ఈ కార్లకి ఇంత సస్తాలో ఇంత ఫాయిదా ఇచ్చే పని ఇంకొకటి లేదు. ఒక్క జాగ్రత్త. వెల్డింగ్ చేసేటప్పుడు కారు తన చక్రాల మీద, తన బరువుతో నిలబడి ఉండాలి. తలుపులు సరిగా పడుతున్నాయో, మూలల మధ్య అడ్డ కొలతలు సమంగా ఉన్నాయో చూసుకోవాలి. లిఫ్ట్ మీద రెండు కొసలూ వేలాడుతుండగా వెల్డ్ చేస్తే ఆ వంకరే హమేషాకీ ఉండిపోతుంది.

మూడోది, వెనక భాగం. కొత్త కమాన్ కట్టలు, కొత్త బుష్‌లు, మంచి షాక్‌లు, మెలిక ఆపే ట్రాక్షన్ బార్లు. రోడ్డు మీద తిరిగే నూటికి తొంభై కార్లకి ఇది కాఫీ. జీటీఓ, షెవెల్ లాంటివాటికి వెనక కమాన్లు ఉండవు. కాయిల్ స్ప్రింగులు, నాలుగు చేతులు కంపెనీ నుంచే ఉంటాయి. అక్కడ అరిగిన రబ్బరు బుష్‌లు తీసి, పల్చటి రేకు చేతుల బదులు గట్టి గొట్టపు చేతులు వేస్తే చాలు.

నాలుగోది, ఇంకా జోరు కావాలంటేనే, కమాన్లు తీసేసి నాలుగు చేతుల కాయిల్ పద్ధతి. అప్పుడు బరువు మోసే పని స్ప్రింగ్‌ది, ఇరుసుని పట్టుకునే పని చేతులది. ఎవరి కొలువు వాళ్లది. చేతులు నాలుగూ నిటారుగా ఉంటే ఇరుసు పక్కలకి జరగకుండా ఇంకో ఏర్పాటు కావాలి. పాన్‌హార్డ్ రాడ్ సులువైనది, కానీ ఇరుసు పైకీ కిందికీ పోయేటప్పుడు కొంచెం పక్కకి లాగుతుంది. వాట్ లింకేజ్ అయితే ఇరుసుని మధ్యలోనే ఉంచుతుంది. ఆవిరి ఇంజన్ జేమ్స్ వాట్ 1784లో పేటెంట్ తీసుకున్న కిటుకు అది. మంచి హునర్‌కి ముసలితనం రాదు.

వీటిలో ఏది చేసినా ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మళ్లీ కొలవాలి. అది తప్పితే ఎంత ఖరీదైన సామాను వేసినా కారు వణుకుతుంది, జాయింట్లు తింటుంది.

ఇప్పుడు ఎదుటివాళ్ల ఎతరాజ్‌లు. "అసలియత్ పోతుంది" అంటారు కొందరు. వాళ్ల మాటలో సచ్ ఉంది. 1969లో జడ్‌ఎల్1 కమారోలు తయారైనవి 69. అట్లాంటిది మీ చేతికొస్తే వెల్డింగ్ గన్ దగ్గరికే తీసుకురాకండి. అది మీ ఒక్కరి మాల్ కాదు, అమానత్. కానీ లక్షల్లో తయారైన మామూలు కమారోకి, ఇప్పటికే ఇంజన్ మార్చేసిన దానికి ఏ అసలియత్ మిగిలిందని? నేను పాటించే ఉసూల్ ఒకటుంది: కలిపే పనికి భయపడొద్దు, కోసే పనికి భయపడండి. గొట్టం కలిపితే రేపు ఇంకొకడు తీసేసుకోవచ్చు. పెద్ద టైర్ల కోసం వెనక పట్టాలు కోసేస్తే ఆ కారు మళ్లీ వెనక్కి రాదు.

"ఆదివారం ఐస్‌క్రీమ్ తినడానికి తిప్పే కారుకి ఇదంతా జరూరీనా?" అని ఇంకొందరు. జనాబ్, మీరు వేసుకున్న టైర్లు చూడండి. ఆ రోజుల సన్నటి బయాస్ టైరు ముందే జారిపోయేది, ఒంటి మీద జోరు పడనిచ్చేది కాదు. ఇప్పటి వెడల్పాటి రేడియల్ నేలని వదలదు. ఆ పట్టు తాలూకు బరువంతా పాత రేకు మీదే పడుతుంది. టైరు మార్చిన రోజే మీరు ఒంటి నుంచి ఎక్కువ అడిగేశారు.

"అయితే పూర్తిగా కొత్త ఛాసిస్ కొనేసి, వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ వేసేద్దాం" అనే రయీస్‌లు కూడా ఉన్నారు. వాళ్ల డబ్బు వాళ్లిష్టం. నాకు మాత్రం ఈ కార్ల మిజాజ్ గట్టి ఇరుసులోనే ఉందనిపిస్తుంది. ఫోర్డ్ కూడా మామూలు మస్టాంగ్‌కి 2014 మోడల్ దాకా ఆ ఇరుసునే ఉంచింది. దాన్ని పారేయడం కాదు, దాన్ని సరిగ్గా పట్టుకోవడం నేర్చుకుందాం.

చివరికి నా గుజారిష్ ఇదే. ఎవరైనా మీకు ఇంజన్ అమ్మబోతే మూడు మాటలు అడగండి. నా కారు పట్టాలు తుప్పు లేకుండా ఉన్నాయా? ముందు సగం, వెనక సగం ఒకదానికొకటి గట్టిగా కలిసున్నాయా? ఇంత జోరుకి ఇరుసు మెలితిరగకుండా ఆపేది ఏంటి? ఈ మూడింటికి సాఫ్‌గా జవాబ్ రాకపోతే చెక్కు బుక్కు జేబులో పెట్టుకుని లేచి రండి. ఇంజన్ ఎక్కడికీ పోదు. ఈ చలికాలం కారు కిందికి దూరి బునియాద్ చూసుకోండి. ఆ తర్వాత వచ్చే ఎండాకాలం ఎంత తాకత్ కావాలంటే అంత పెట్టుకోండి, పక్కసీట్లో బిడ్డని బేఫికర్‌గా కూర్చోబెట్టుకోండి.