అడవి బాగుందంట, మరి మనుషుల సంగతేంది?

నేను మలయాళ సినిమాల పిచ్చోణ్ణి. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే తర్వాత రాసే మాటల్లో కోపం ఉంటుంది. ఆ కోపం చూసి ‘వీడికి సినిమా అంటే పడదు’ అని ఎవరూ అనుకోకూడదు. పరాయి వాళ్ల మీద ఇంత కోపం రాదు. మనవాళ్లనుకున్న వాళ్ల మీదే వస్తుంది.

మాది మైలవరం దగ్గర ఒక సుగాలి తండా. నా చిన్నప్పుడు సినిమా అంటే జమ్మలమడుగు, పండగైతే ప్రొద్దుటూరు. బస్సు చార్జీ, టికెట్టు కలిపితే మా యాడి ఒక రోజు కూలి. ఇప్పుడు సినిమా జేబులోకి వచ్చింది. బడి వదిలాక డ్యాం కట్ట మీద కూర్చుని, పెన్నా మీద పొద్దు వాలుతుంటే ఫోన్‌లో మలయాళ సినిమాలు చూడడం మొదలుపెట్టాను. ఆ భాష ఒక్క ముక్క రాదు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చూశాను. చూసిన ప్రతి సినిమాకు పాత నోటుబుక్కులో ఒక పేజీ రాసుకున్నాను. అదే నా రివ్యూల మొదలు.

ఎందుకు నచ్చాయంటే, వాటిలో ఇల్లు ఇల్లులాగా ఉంటుంది. మనిషికి చెమట పడుతుంది. హీరో దెబ్బలు తిని ఇంటికొస్తాడు. మనం సీమ వాళ్లం. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’ వచ్చిన కాలం నుంచి మన నేలంటే బాంబులు, సుమోలు, కొడవళ్లే అయిపోయింది. మన శనగ చేను, మన నాపరాతి గని, నీళ్ల బిందె కోసం నడిచే మన ఆడవాళ్లు తెర మీద ఎప్పుడు కనపడ్డారు? అలాంటి వాడికి ‘మహేషింటె ప్రతికారం’ (2016) లాంటి సినిమా దొరికితే ఎట్లుంటుంది? ఇడుక్కి కొండల్లో చిన్న ఫోటో స్టూడియో నడుపుకునే వాడొకడు. నలుగురి ముందు దెబ్బలు తిన్నాడు, తిరిగి కొట్టేదాకా చెప్పులు వేసుకోనన్నాడు. అంతే కథ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తండాలో ఇలాంటి కథలు నూరున్నాయి కదా అనిపించింది.

కోపం ఎక్కడ మొదలైందో చెప్తాను. ఒకసారి ‘అయ్యప్పనుం కోషియుం’ (2020) మీద రివ్యూ రాసి ఒక పత్రికకు పంపాను. అచ్చయింది. అట్టప్పాడి అడవి అందం మీద నేను రాసిన పేరా ఉంది. అందులోని ఆదివాసి స్త్రీ కన్నమ్మ మీద రాసిన పేరా లేదు. ఎందుకు తీశారని అడిగితే ‘సినిమాను సినిమాగా చూడు బ్రదర్’ అన్నారు.

ఈ మాట మనందరం విన్నదే. ఎవరు ఎవరితో అంటారో గమనించారా? తెర మీద తమ ఇల్లు, తమ పేరు, తమ దేవుడు ఉన్నవాళ్లు, అవేవీ లేనివాళ్లతో అంటారు. తమ కులాన్ని కించపరిచే ఒక్క డైలాగు వస్తే థియేటర్ ముందు ధర్నాకు దిగేవాళ్లే మనకు ఈ నీతి చెప్తారు. అడవిని సినిమాగా చూడొచ్చు. కానీ అడవిలో నీ అక్క నిలబడి ఉంటే ఎట్లా చూస్తావు?

అట్టప్పాడి అంటే ఏమిటి? పాలక్కాడ్ జిల్లాలో ఇరుళ, ముదుగ, కురుంబ ప్రజల నేల. 2018 ఫిబ్రవరి 22న అక్కడ ఒక ఆదివాసి యువకుణ్ణి, బియ్యం దొంగిలించాడని గుంపు పట్టుకుంది. చేతులు కట్టేసి కొట్టింది. కొడుతూ ఫోన్లలో ఫోటోలు దిగింది. పోలీసు బండిలో ఆసుపత్రికి పోతూ అతను చనిపోయాడు. 2023 ఏప్రిల్‌లో కోర్టు 14 మందిని దోషులుగా తేల్చింది. అతని చావుకు రెండేళ్లు నిండకముందే అదే అట్టప్పాడి కథగా ఈ సినిమా వచ్చి పెద్ద హిట్టయింది. రెండు సార్లూ ఆ నేల మీద కెమెరా ఉంది. కెమెరా ఎవరి చేతిలో ఉందన్నదే నా ప్రశ్న.

ఆ సినిమా చేసిన మేలును దాచను. అట్టప్పాడిలో మేకలు కాసుకునే ఇరుళ స్త్రీ నంజియమ్మ అందులో తన భాషలో ‘కళక్కాత్త’ పాట పాడింది. 2022 జూలైలో ఆమెకు ఉత్తమ నేపథ్య గాయనిగా జాతీయ అవార్డు ప్రకటించారు. వెంటనే ఒక సంగీతకారుడు, శాస్త్రంగా పాడడం రాని మనిషికి ఆ అవార్డు ఎట్లా ఇస్తారని అడిగాడు. చాలామంది ఆమె పక్కన నిలబడ్డారు. అయినా ఆ ప్రశ్న చావలేదు. ‘నీకు సినిమా గురించి ఏం తెలుసు’ అని మనల్ని అడిగేది కూడా ఆ ప్రశ్నే. ఆమెకు పాట తెలియడానికి ఎవరి సర్టిఫికెట్టు కావాలి? మన గురించి తీసిన సినిమా మంచిదో కాదో చెప్పడానికి మనకు ఎవరి అనుమతి కావాలి?

ఇక మన తెలుగు సంగతి. ఆ సినిమానే 2022లో ‘భీమ్లా నాయక్’ అయింది. అయ్యప్పన్ నాయర్ భీమ్లా నాయక్ అయ్యాడు. మా తండాలో పిల్లలు ఎగిరి గంతేశారు. పవన్ కల్యాణ్ మన పేరు పెట్టుకున్నాడు! పాటలో హీరో తండాలో పుట్టాడు. కిన్నెర మొగులయ్య గొంతు, దుర్గవ్వ గొంతు రాష్ట్రమంతా మోగాయి. ఇవన్నీ మంచివే, కాదనను. పేరు వరకు చూస్తే తెలుగు సినిమా మలయాళం కంటే ఒక అడుగు ముందుకే వేసింది.

మా బడిలో ఒక నాయక్ పిల్లవాణ్ణి నాలుగు రోజులు అందరూ ‘భీమ్లా’ అని పిలిచారు. వాడు కాలరెత్తుకుని తిరిగాడు. అయిదో రోజు నా దగ్గరకొచ్చి, ‘సార్, సినిమా మొత్తం చూసినా. గోర్ బోలి ఒక్క మాట కూడా నాకు వినపళ్లేదు. ఇంట్లో పెండ్లాంతో కూడా తెలుగేనా?’ అన్నాడు. నేను నోటుబుక్కులో మూడు పేజీలు రాసినా చెప్పలేనిది వాడు మూడు ముక్కల్లో చెప్పాడు. నాయర్‌కు ప్రాస కుదిరి నాయక్ దొరికాడు. పేరు తండా నుంచి తీసుకున్నారు, తండాను తండాలోనే వదిలేశారు. మలయాళంలో కన్నమ్మ ఆదివాసుల కోసం కొట్లాడే మనిషి, కోషి ముఖం మీదే కడిగేస్తుంది. తెలుగులో సుగుణ ధైర్యమున్న భార్యగా మిగిలింది. నిత్యా మీనన్ బాగానే చేసింది, తప్పు ఆమెది కాదు. ఆ పాత్ర వెనక ఉన్న నేల గొడవను పలచబరిచిన చేతులది.

‘మహేషింటె ప్రతికారం’ కూడా 2020లో తెలుగులో ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’గా వచ్చింది. ఇడుక్కి నుంచి కథను అరకుకు తెచ్చారు. చక్కటి సినిమా, సత్యదేవ్ ప్రాణం పెట్టాడు. కానీ అరకు ఎవరిది? కథను నడిపే వాళ్లలో ఒక్క ఆదివాసి నాకు కనిపించలేదు. రివ్యూలన్నీ అరకు లోయ అందాన్నే పొగిడాయి. ఇల్లు బాగుందని చెప్పి, ఇంటివాళ్లు ఏరని అడగకుండా పోయే చుట్టాన్ని ఏమంటాం?

ఇప్పుడు అసలు మాటకొస్తాను. పోకిరీ సినిమాలను వదిలేయండి. మనం మెచ్చుకునే మంచి సినిమాలనే తీసుకోండి. ‘అయ్యప్పనుం కోషియుం’ కథానాయకుడు పోలీసు. ‘నాయాట్టు’ (2021)లో పారిపోయే ముగ్గురూ పోలీసులు. చనిపోయిన దళిత యువకుడి వాళ్ల గొడవ అందులో మనకు విసుగు పుట్టించేలా కనపడుతుంది. 2003 ఫిబ్రవరి 19న వయనాడ్‌లోని ముత్తంగలో భూమి కోసం గుడిసెలు వేసుకున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ పోరాటానికి ముందు నిలిచింది సి.కె. జాను అనే ఆదివాసి స్త్రీ. ఆ ఘటన ఆధారంగా 2025లో ‘నరివేట్ట’ తీస్తే కథానాయకుడు ఎవరు? మళ్లీ కానిస్టేబులే. తమిళ ‘జై భీమ్’ (2021) చూసి నేను ఏడ్చాను. అక్కడ కూడా దారి చూపేది లాయరు. మన కష్టం ఉంటుంది, మన చావు ఉంటుంది, కానీ ఆ చావును చూసే కళ్లు మాత్రం బయటివాడివి. మనం ఏడుస్తాం, బయటివాడు మారతాడు, కథ అయిపోతుంది. తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టం ఎరుకల వాళ్ల మీద దొంగ ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో పోయింది. పోలీసు కళ్లతో మనల్ని చూడడం మాత్రం సినిమాల్లో ఇంకా పోలేదు.

వీటిలో నాకు ఎక్కువ పని చెప్పిన సినిమా ‘పడ’ (2022). 1975లో కేరళ ఒక చట్టం చేసింది. ఆదివాసుల నుంచి అన్యాక్రాంతమైన భూమిని తిరిగి వాళ్లకే ఇవ్వాలని. ఇరవై ఏళ్లు అమలు చేయలేదు. 1996లో దాన్ని నీరుగార్చే సవరణ తెస్తే, అసెంబ్లీలో గౌరి అమ్మ ఒక్కతే వద్దంది. ఆ అక్టోబర్ 4న అయ్యన్‌కాళి పడకు చెందిన నలుగురు, బొమ్మ తుపాకీతో పాలక్కాడ్ కలెక్టర్‌ను ఆయన గదిలోనే నిర్బంధించి ఆ సవరణ గురించి దేశానికి చెప్పారు. ఇదే ఆ సినిమా. వాళ్ల పద్ధతి సరైనదా అని వాదించుకోవచ్చు. ఇక్కడా కథ నడిపేది ఆ నలుగురే, వెనక ఆదివాసులు. ఆ లోపం ఉంది. అయినా ఆ సినిమా చూసి నేను చట్టం పుస్తకం తెరిచాను. అప్పుడు తెలిసింది, కేరళలో అయిదో షెడ్యూలు ప్రాంతం ఒక్కటీ లేదని. మన కడప జిల్లాలో కూడా లేదు. ఏజెన్సీలో భూమిని కాపాడే 1/70 చట్టం మైలవరం సుగాలికి, యానాదికి, ఎరుకలకు వర్తించదు. అంటే అట్టప్పాడి కథ అరకు కథ కంటే మనకే దగ్గర! ఈ మాట ఏ రివ్యూలోనైనా చదివారా? ఆ రివ్యూ మనం రాయాలి, ఎందుకంటే ఆ నొప్పి తెలిసింది మనకు. ఇద్దరు మగాళ్ల పంతం రీమేకయింది. భూమి కథ జోలికి మాత్రం తెలుగులో ఎవరూ పోలేదు.

పంతుళ్లకు ఒక మాట. ‘సినిమాలు చూసి పిల్లలు చెడిపోతున్నారు’ అని మనం స్టాఫ్ రూంలో తిట్టుకుంటాం. పిల్లలు చూడక మానరు. చూసింది అడగడం నేర్పడం మన పని. వయనాడ్ ఆదివాసి పిల్లవాడు మణి, మోహన్‌లాల్‌తో ‘ఫోటోగ్రాఫర్’ సినిమాలో నటించి 2006కు కేరళ ప్రభుత్వ ఉత్తమ బాలనటుడి అవార్డు అందుకున్నాడు. తర్వాత చదువు సాగలేదు, సినిమా పిలవలేదు, కూలిపనికి పోయాడు. పన్నెండేళ్లకు 2018లో ‘ఉడలాళం’తో మళ్లీ తెర మీదకొచ్చాడు. అదే వయనాడ్‌లో కె.జె. బేబీ నడిపిన ‘కనవు’ బడిలో చదివిన పణియ అమ్మాయి లీలా సంతోష్ కెమెరా పట్టి, తన వాళ్ల మీద తానే డాక్యుమెంటరీ తీసింది. ఒకరిని సినిమా వాడుకుని వదిలేసింది. ఇంకొకరికి బడి కెమెరా అందుకునే ధైర్యమిచ్చింది. మన బడి ఏం ఇస్తోందో మనల్ని మనం అడుక్కుందాం.

యువకులకు ఇంకొక మాట. ఫ్లెక్సీ కట్టడానికి వెయ్యి రూపాయలు వేసుకుంటాం, పాలాభిషేకం చేస్తాం, హీరో కోసం పక్క ఊరి వాళ్లతో తల పగలగొట్టుకుంటాం. ఆ హీరో సినిమాలో మన మనిషి ఎన్ని నిమిషాలున్నాడో లెక్కపెట్టామా? అభిమానం తప్పు కాదు, నాకూ ఉంది. నోరు మూసుకున్న అభిమానమే తప్పు. సినిమా చూసొచ్చాక ఒక కాగితం తీసుకోండి. కథను ఎవరి కళ్లతో చూపారు? మనవాళ్లు ఏ భాషలో మాట్లాడారు? చివరికి నేల ఎవరి చేతిలో మిగిలింది? టైటిళ్లలో మన పేరు ఎక్కడుంది? ఈ నాలుగూ రాస్తే అదే రివ్యూ. వ్యాకరణం తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. తెలుగులో రాయండి, గోర్ బోలిలో రాయండి, ఎరుకల మాటలో రాయండి.

గోర్ బోలి వినపళ్లేదన్న పిల్లవాడికి ఆ మాటే కాగితం మీద రాయమని చెప్పాను. రాశాడు. ఎనిమిది వాక్యాలు, పదకొండు తప్పులు. బడి గోడపత్రికలో అంటించాం. చివరి వాక్యం ఇది: ‘నేను తీస్తే మా యాడి మాట్లాడినట్లే మాట్లాడిస్తా.’

ఆ తప్పులు నేను దిద్దలేదు.