కంప్యూటరు మెమరీ: కొనుటకు ముందు పరీక్ష

ఈ మాసమున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుండి మాకు మూడు జాబులు వచ్చినవి. మూటియందును ఫిర్యాదొక్కటియే: ఇంటి కంప్యూటరునకు మెమరీ చాలదట! కోదాడ సోదరి కుమార్తె యింజనీరింగు చదువుచున్నది. బాగుచేయువాడు యంత్రమును విప్పియైన చూడక, క్రొత్తది కొనుమనెను. అందులకై యామె తన గొలుసును కుదువబెట్టుటకు సిద్ధపడి, కడపట మా సలహా కోరినది.

జనులు రెండు వేరు వస్తువులను మెమరీ యను నొక్క పేరనే పిలుచుచున్నారు. మొదటిది డిస్కు. ఇది కొట్టుగది వంటిది. ఇందు దాచిన ఫొటోలు, పాఠములు, లెక్కలు కరెంటు పోయినను నిలిచియుండును. రెండవది ర్యామ్. ఇది వంటయింటి గట్టు వంటిది. అప్పటి పనికి కావలసినవి మాత్రమే దానిపై నుండును. యంత్రము నాపగానే యన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. గట్టు నిండినచో యంత్రము కొన్నిటిని కొట్టుగదికి పంపుచు, మరల తెచ్చుకొనుచు తిరుగును. ఆ తిరుగుటయే మనకు మందగమనముగా తోచును.

సూర్యాపేట సోదరి యంత్రము క్రొత్త ఫొటోలను దాచనీయక, చోటు లేదని చెప్పుచున్నది. ఇది డిస్కు నిండుట. ర్యామ్ కొన్నందున ఫలము లేదు. ముఖ్యమైన ఫొటోలను రెండు వేరుచోట్ల దాచి, అవి తెరచుకొనుచున్నవని చూచుకొని, పిమ్మట అనవసరమైనవి తీసివేసి, రీసైకిల్ బిన్నును ఖాళీ చేయవలెను.

కోదాడ సోదరిని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కసారి నొక్కి, టాస్క్ మేనేజరు తెరచి చూడుమంటిమి. పని ముమ్మరముగా నున్నపుడు మెమరీ నూటికి తొంబది పాళ్లు దాటి నిలిచినచో గట్టు చాలలేదన్నమాట. మెమరీ యను శీర్షికపై నొక్కినచో ఎక్కువ తినునది పైకి వచ్చును. పెక్కుసార్లు అది తెరచి మరచిన బ్రౌజరు పుటలే. పని పెరుగకయే యేదేని ప్రోగ్రాము వాడకము పెరుగుచు పోయినచో దానిని మూసి తెరచి, క్రొత్త కూర్పు వేయవలెను. ఈమె యంత్రమున నున్నది నాలుగు జి.బి. మాత్రమే. విండోస్ 11 నిలుచుటకు కనీసము కావలసినదే యది. పిల్ల చదువునకు మిగులున దేమి? పెర్ఫార్మెన్స్ పుటయందు చూడగా ర్యామ్ పలక పెట్టుటకు ఒక గాడి ఖాళీగా నుండెను. ఒక పలక చేర్చిన చాలినది. గొలుసు మెడలోనే యున్నది. పలకను కొనునపుడు రకము చూడవలెను, డి.డి.ఆర్. 4 గాడిలో డి.డి.ఆర్. 5 పట్టదు. కొన్ని ల్యాప్‌టాపులలో ర్యామ్ అతికియుండును, మార్చుటకు వీలులేదు. 2025 చివర ర్యామ్ వెలలు మిక్కిలి పెరిగినవి గావున తొందరపడి కొనరాదు.

మిర్యాలగూడ సోదరి యిల్లు రైసుమిల్లు ప్రక్కన నున్నది. ఆమె యంత్రము నీలితెర చూపి హఠాత్తుగా ఆగుచున్నది. ఇది కొరత కాదు, ర్యామ్ చెడినదేమో యని శంకింపవలెను. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెదకి తెరచినచో, యంత్రము తిరిగి మొదలై తనను తాను పరీక్షించుకొనును. ఒకమారు తప్పు కనబడనంతనే నిర్దోషి యనరాదు, పలుమార్లు చేయవలెను. తప్పు తేలినచో తీగ ఊడదీసి, పలకలను తీసి, వాని బంగారు రంగు అంచులను పొడిబట్టతో మెల్లగా తుడిచి, ధూళి తొలగించి, ఒక్కొక్క పలకనే పెట్టి పరీక్షింపవలెను. చేత కానివారు తెలిసినవారిచే చేయించుకొనుట మేలు. చెడిన ర్యామ్ వ్రాతలను కూడ చెరచగలదు; కావున యంత్రము కుదుటపడువరకు పాత ప్రతులపై క్రొత్తవి వ్రాయరాదు.

ఇది పురుషుల పని యని కొందరందురు. 1969లో మనుష్యులను చంద్రునిపై దించిన అపోలో నౌక కంప్యూటరు మెమరీని అమెరికాలోని వాల్థమ్ పట్టణమున స్త్రీలే తీగలతో అల్లిరి! వైద్యునికి బిడ్డ లక్షణములు చెప్పునట్లే, డిస్కు నిండినదో, ర్యామ్ చాలదో, చెడినదో మీరే చూచి, ఆ అంకెలను కాగితముపై వ్రాసికొని దుకాణమునకు పొండు. అడుగ నేర్చిన గృహిణిని మోసగించుట యంత సులభము గాదు.