కార్తెలు, వర్షమాపకము, రైతు మాట

తెలుగు రైతు సేద్యపు కాలమును నెలలతో గాక కార్తెలతో లెక్కించును. సూర్యుడొక్కొక్క నక్షత్రమునందు 13, 14 దినములుండును. ఆ కాలమే ఆ పేరి కార్తె. రోహిణిలో రోళ్ళు పగులునన్న సామెత యెరుగని తెలుగువాడుండడు. ఇట్టివానిని మనవారు చాలినన్ని సంకలనము చేసిరి. అయితే వాని సత్యాసత్యములు వాతావరణ శాస్త్రజ్ఞులు చూచుకొందురని భాషాపండితులును, సామెతలతో తమకు పనిలేదని శాస్త్రజ్ఞులును ఊరకుండుట నాకు సమ్మతము గాదు. ఈ విషయమున ఒకరు లేక మరియొకరు అడుగు వేయజాలరు.

కార్తెలు నిరయన గణనము ననుసరించినవి. ఋతువులు సాయన గతి ననుసరించును. అయనచలనము వలన ఈ రెంటికిని ఇంచుమించు 71, 72 సంవత్సరములకొక దినము చొప్పున ఎడమేర్పడుచుండును. వెయ్యేండ్లకు అది ఒక కార్తె యంత యగును. నేడు మృగశిర జూన్ 7, 8 తేదీల ప్రాంతమున ప్రవేశించుచున్నది. ఋతువును బట్టి చూచినచో నన్నయ నాటి మృగశిర నేటి రోహిణి యున్న తావుననే యుండెడిది. కావున మృగశిర వానను గూర్చిన యొక సామెత ఏ శతాబ్దమున పుట్టినదో విచారింపక, నేటి వర్షమాపకపు లెక్కలతో పోల్చి తప్పనుటయు ఒప్పనుటయు తొందరపాటే. భాషారూపమును బట్టి దాని వయస్సు నూహింపవలసినవాడు భాషావేత్త. (అతడును పలుమారు ఊహింపజాలడు, అది వేరు మాట.) ఇక సామెత శిలాశాసనము గాదు. చెప్పువాడు తన యనుభవమును బట్టి నక్షత్రమును మార్చి చెప్పియుండవచ్చును. మార్చెనో లేదో రైతునడిగి తెలిసికొనవలసినదే.

స్థలభేదము మరియొకటి. తెలంగాణమునకు వాన ప్రధానముగా నైరృతి ఋతుపవనము వలన, జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియును. నెల్లూరు సీమకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చు వానలే ముఖ్యము. మన సంకలనములలో పెక్కింటియందు సామెత యుండును గాని, విన్న ఊరి పేరుండదు. అట్టి సామెత ఈ పరిశోధనకు సగము చచ్చినట్టిదే. దక్షిణ తమిళనాట కోవిల్‌పట్టి ప్రాంతపు నల్లరేగడి నేలలలో తరతరములుగా సేద్యము చేయుచున్న తెలుగువారికి ఈశాన్య ఋతుపవనమే యాధారము. వారి నోట మృగశిర నిలిచినదా, దాని తావున మరియొక కార్తె చేరినదా? రాష్ట్రేతర విశ్వవిద్యాలయములలో నున్న మావంటి శాఖలు చేపట్టదగిన పని యిది.

మార్గదర్శకము లేకపోలేదు. అమెరికాలో ఆధునిక భాషాశాస్త్రము నభ్యసించి వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమును, 1971లో చేనేత సంపుటమును వెలువరించిరి. పద్ధతి పాశ్చాత్యము, ప్రమాణము రైతు మాట, నేతగాని మాట. నిఘంటు నిర్మాణమున అది గొప్ప మలుపు. అయినను నిఘంటువు పదమును గ్రహించును. ఆ పదము వెనుకనున్న లెక్క యంతయు నందిముడదు. విత్తుటకు రైతు ఏ గాలికై, నేలలో ఎంత పదునుకై వేచియుండునో, ఎందుకు వేచియుండునో వ్రాసికొనుట మిగిలియున్నది.

కేరళమున అగస్త్యకూటపు కాణివారు చూపిన ఆరోగ్యపచ్చ నుండి చేసిన ఔషధపు తయారీ హక్కును 1995లో నొసగినపుడు, వచ్చు ధనమున సగము వారికని యేర్పాటు చేసిరి. సామెతకు విపణి లేదు గనుక దాని పాలు అడుగువారును లేరు. రైతు పేరు సిద్ధాంతగ్రంథపు పీఠికలో కృతజ్ఞతల నడుమ ఒక పంక్తిగా ముగియుచున్నది. అతడు చెప్పినది మాత్రము పరిశోధకుని యధ్యాయమగుచున్నది. ఇది న్యాయమని నేనెంచను.

కార్తెలపై పరిశోధన చేయు విద్యార్థి సామెత ప్రక్కన ఊరు, నేల, పైరు, చెప్పినవారు సమ్మతించినచో వారి పేరును వ్రాయవలెను. ఆ ప్రాంతపు వర్షపు లెక్కలను చేర్చవలెను. గ్రంథము సమర్పించుటకు ముందు ఆ ఊరికి మరల పోయి, తన నిర్ణయములను తెలుగున చదివి వినిపింపవలెను. అక్కడివారు చెప్పిన దిద్దుబాటులు, అంగీకరింపనివి సైతము, గ్రంథములోనే అచ్చుపడవలెను.