ఇంకొక్క ఏడాది గడువు



ఒక తల్లి వ్రాసిన ఉత్తరం నా బల్ల మీద ఉన్నది. ఊరి పేరు, మనిషి పేరు చెప్పను. పదవ తరగతి వరకు ఊళ్లో తెలుగు మీడియంలో చదివిన కొడుకును అప్పు చేసి హైదరాబాదులో ఇంటర్మీడియెట్‌లో చేర్చారు. ఇంగ్లీషు మీడియం, హాస్టలు. మొదటి సంవత్సరం రెండు సబ్జెక్టులు తప్పాడు. "వాళ్ల నాన్న వాడితో మాట్లాడి ఇరవై రోజులైంది. చదువు మాన్పించి పనిలో పెడతానంటున్నారు. వాడికి ఫుట్‌బాల్ పిచ్చి, అదే చెడగొట్టిందని ఆయన కోపం. వాడు అన్నం దగ్గర తల ఎత్తడం లేదు. ఏం చేయమంటారు అయ్యగారూ?" అని అడిగింది ఆ తల్లి.

అమ్మా, అప్పు చేసిన తండ్రి కోపంలో ఎంత బాధ ఉంటుందో నాకు తెలుసు. అయినా ఆయన కోపగించుకున్న ఆ ఫుట్‌బాల్‌లో నుండే ఒక సంగతి చెబుతాను. ఈ పేజీ మీ వారికి చదివి వినిపించండి. మీ అబ్బాయికి ఇది ఇదివరకే తెలిసి ఉంటుంది.

ఫుట్‌బాల్‌కు హైదరాబాదు ఒకప్పుడు పుట్టినిల్లు వంటిది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఈ నగరపు బిడ్డ, బడిపంతులుగా పనిచేసిన రహీమ్ సాహెబు శిక్షణలోనే భారత జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. తరువాత ఆ వైభవం తగ్గిపోయింది. చాలా ఏళ్లకు, 2019 ఆగస్టు నెలాఖరులో, హైదరాబాద్ ఎఫ్.సి. అనే కొత్త వృత్తి క్లబ్బు పుట్టింది. పూణేలో మూతపడిన క్లబ్బు స్థానంలో ఇది ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. ఆటగాళ్లలో చాలామంది అక్కడివారే. కొత్త ఊరు, కొత్త మైదానం. సిద్ధపడడానికి రెండు నెలలు కూడా లేవు.

అక్టోబరు 25న కలకత్తాలో మొదటి ఆట. 5–0 తేడాతో ఓడిపోయారు. రెండవదీ ఓటమే. నవంబరు 2న గచ్చిబౌలి స్టేడియంలో సొంత ఊరి జనం ముందు మొదటి ఆట. ఎదుట కేరళ బ్లాస్టర్స్. కేరళ ముందుగా గోల్ చేసినా, మనవాళ్లు తేరుకుని 2–1తో గెలిచారు. ఇక కష్టాలు తీరాయనుకున్నారు జనం. కాని తరువాత ఆడిన 14 ఆటల్లో ఒక్క గెలుపు లేదు. పది ఓటములు, నాలుగు డ్రాలు. కొందరు గాయాలతో దూరమయ్యారు. జనవరిలో ఇంగ్లండు నుండి వచ్చిన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తొలగించారు. 18 ఆటల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు. పది జట్లలో పదవ స్థానం.

అయితే ఒక మాట గమనించండి. ఆ రెండవ గెలుపు సీజన్‌లోని చివరి ఆటలో వచ్చింది. 2020 ఫిబ్రవరి 20న గౌహతిలో 5–1తో గెలిచారు. అప్పటికి అట్టడుగు స్థానం ఖాయమైపోయింది. ఆ గెలుపుతో పట్టికలో ఒక్క మెట్టు కూడా పైకి రారు. అయినా కాళ్లు ఈడ్చుకుంటూ ఆడలేదు.

ఆ తరువాతి సంవత్సరం స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చాడు. పేరు లేని కుర్రవాళ్లను నమ్మి ఆడించాడు. ఐదవ స్థానం వచ్చింది. దాని మరుసటి ఏడు, 2022 మార్చి 20న, గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. ఎదుట మళ్లీ కేరళే. మళ్లీ కేరళే ముందు గోల్ చేసింది. ఇక రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా సాహిల్ తవోరా గోల్ కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురి బంతులు ఆపాడు. 3–1తో కప్పు హైదరాబాదుకు వచ్చింది. ఈ తవోరా, ఈ కట్టిమణి ఎవరనుకున్నారు? అట్టడుగున నిలిచిన మొదటి సీజన్ జట్టులోనూ ఉన్నవారే!

లూకా సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానం నాకు జ్ఞాపకం వస్తున్నది. యజమాని కాయలు వెదికాడు, దొరకలేదు. నరికివేయమన్నాడు. తోటమాలి అడ్డుపడి ఇంకొక్క ఏడాది గడువు అడిగాడు. ఊరకే అడగలేదు సుమా! చుట్టూ త్రవ్వుతాను, ఎరువు వేస్తాను అని తన పని తాను చెప్పుకున్నాడు. చెట్టు బాగుందని అబద్ధం చెప్పలేదు. చెట్టును తిట్టనూ లేదు. పార చేతపట్టాడు.

అయ్యా, ఇప్పుడు మీతో ఒక మాట. కోచ్ సరిగా లేకపోతే క్లబ్బువారు కోచ్‌ను మార్చుకున్నారు. మీ అబ్బాయికి తండ్రిని మార్చుకునే వీలు లేదు. కనుక తండ్రే మారాలి. ఇరవై రోజుల మౌనం ఎరువు కాదు, అది వేరుకు తగిలే గొడ్డలి. తెలుగులో చదివిన బిడ్డ ఒక్కసారిగా ఇంగ్లీషులో లెక్కలు, రసాయనశాస్త్రం వినవలసి వస్తే ఎంత తికమకపడ్డాడో అడిగారా? సప్లిమెంటరీ పరీక్ష ఉంది గదా, ఆ రెండు సబ్జెక్టులు చెప్పించే మాస్టారు మీ దగ్గరలో ఉన్నారేమో విచారించారా? అది త్రవ్వడం. ఈ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినండి. అది ఎరువు.

అబ్బాయీ, నీతోనూ ఒక మాట. గడువు దొరికిందంటే సెలవు దొరికిందని కాదు. గౌహతిలో ఆడినట్లు ఆడు. పరీక్షలయ్యే వరకు బంతి సాయంత్రం ఒక్క గంటకే.

ఈ కథకు తరువాయి కూడా దాచకుండా చెప్పాలి. కప్పు గెలిచిన ఆ క్లబ్బు డబ్బు చిక్కుల్లో పడింది. ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023–24లో మళ్లీ ఆఖరి స్థానం. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. చూశారా, అట్టడుగు స్థానమూ నిలవలేదు, కప్పూ నిలవలేదు. కాబట్టి రేపు మీ అబ్బాయి తప్పక మొదటి ర్యాంకు తెస్తాడని నేను వాగ్దానం చేయను. ఆ అంజూరపు చెట్టు మరుసటి ఏడు కాసిందో లేదో ప్రభువు కూడా చెప్పలేదు. త్రవ్వడం మన పని, ఫలమివ్వడం దేవుని పని. మార్కుల కాగితం ఏది చెప్పినా, వాడు మీ కుమారుడన్న సంగతి మాత్రం మారదు. మన తప్పుల పట్టిక చూసి పరలోకపు తండ్రి మనతో మాటలు మానివేసి ఉంటే, ఈవేళ మనమెవరం నిలిచేవాళ్లం?

ప్రియులారా, మీ ఇంట్లో మీరు మాట్లాడడం మానివేసిన బిడ్డ ఉన్నారా? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు పేరు పెట్టి పిలవండి. తరువాతనే మోకరించండి.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.