నిద్రపుచ్చితే చాలదు, సరిగ్గా లేపాలి

ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న ధర్సీవా బ్లాకులోనే సిల్తరా పారిశ్రామిక ప్రాంతం ఉంది. స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలకు అది పేరుపొందింది. ఆ రాష్ట్రంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది. అక్కడ విద్యుత్తు ఆదా అనగానే అందరికీ పెద్ద కొలిములే గుర్తుకొస్తాయి. ఆఫీసుల్లో, బడుల్లో, సేవా కేంద్రాల్లో ఎవరూ వాడకుండానే నడుస్తుండే కంప్యూటర్లు లెక్కలోకి రావు.

స్లీప్ మోడ్ ఉన్నా వాటిని ఎందుకు నిద్రపుచ్చరు? లేచాక అన్నీ పనిచేస్తాయన్న నమ్మకం లేకపోవడమే ముఖ్య కారణం. తెర వెలుగుతుంది గానీ వేలిముద్ర రీడరో, ప్రింటరో, వైఫైయో పలకదు. పింఛను కోసం వచ్చిన వృద్ధురాలు ఎదురుగా నిలబడి ఉండగా ఒక్కసారి అలా జరిగితే చాలు, ఆపరేటర్ స్లీప్ సెట్టింగునే తీసేస్తాడు. అందులో అతని తప్పు లేదు.

దాని ఖరీదు ఎంతో చూద్దాం. పని లేనప్పుడు 40 వాట్లు తీసుకునే డెస్క్‌టాప్ రోజుకు 5 గంటలు ఊరికే నడిస్తే, 300 పనిదినాల్లో 60 యూనిట్లు ఖర్చవుతాయి. స్లీప్‌లో 2 వాట్లే తీసుకుంటే అది 3 యూనిట్లకు తగ్గుతుంది. రాత్రి షట్‌డౌన్ చేయడం మంచిదే. కానీ పగలు మధ్యమధ్య వచ్చే పావుగంట విరామాలకు ఎవరూ షట్‌డౌన్ చేయరు. స్లీప్ ఉన్నది అందుకే.

అసలు చిక్కు ఎక్కడుంది? సాధారణ స్లీప్‌లో ప్రాసెసర్‌కు, తెరకు, డిస్క్‌కు కరెంటు ఆగిపోతుంది, ర్యామ్‌కు మాత్రం అందుతూ ఉంటుంది. ర్యామ్ కణాల్లోని ఆవేశం కారిపోతూ ఉంటుంది కాబట్టి, సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి వరుసనూ తిరిగి నింపాలి. అలా తెరిచిన ఫైలు భద్రంగా ఉంటుంది. వైఫై కార్డు, వేలిముద్ర రీడరు సంగతి వేరు. కరెంటు పూర్తిగా పోతే వాటి లోపలి సెట్టింగులూ పోతాయి. లేచిన కంప్యూటర్‌కు నిన్నటిదంతా గుర్తుంటుంది, పరికరానికి ఏమీ గుర్తుండదు.

ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో ఏసీపీఐ ప్రమాణాన్ని తెచ్చాయి. అందులో పరికరం పూర్తిగా పనిచేసే స్థితి డీ0, ఆగిపోయిన స్థితి డీ3. డీ3 నుంచి డీ0కు రావడానికి ఒక వరుస ఉంది. ముందు యూఎస్‌బీ హబ్ లేవాలి, ఆ తర్వాతే దానికి తగిలించిన రీడరు. కరెంటు ఇవ్వగానే పలకరించకూడదు, పరికరం కుదురుకునేదాకా ఆగాలి. ఆ విరామం యూఎస్‌బీలో 10 మిల్లీసెకన్లు. పీసీఐ పరికరాన్ని రీసెట్ చేస్తే 100 మిల్లీసెకన్లు. తర్వాత పోయిన సెట్టింగులను డ్రైవర్ మళ్లీ రాయాలి. తొందరపడి చదివితే పీసీఐ పరికరం నుంచి సాధారణంగా అన్నీ ఒకట్లే వస్తాయి, అంటే అవతల జవాబిచ్చేవారే లేరన్నమాట.

నిద్రపుచ్చడం కన్నా లేపడమే కష్టమని చంద్రయాన్-3 కూడా చూపింది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ నౌకలోని ప్రజ్ఞాన్ రోవర్‌ను సెప్టెంబర్ 2న, విక్రమ్ ల్యాండర్‌ను 4న ఇస్రో నిద్రపుచ్చింది. పిలుపు వినేందుకు రిసీవర్లను ఆన్‌లోనే ఉంచింది. సెప్టెంబర్ 22న అక్కడ సూర్యోదయమైనా అవి పలకలేదు. చంద్రుడి మీది రాత్రిని తట్టుకునేలా వాటిని తయారుచేయలేదు కాబట్టి అది వైఫల్యం కాదు. బల్ల మీది కంప్యూటర్‌కు అలాంటి సాకు లేదు.

అందుకే ప్రభుత్వ కొనుగోళ్లలో ఒక షరతు చేరాలి. సరఫరాదారు కంప్యూటర్‌ను ఒంటరిగా కాకుండా, దానితో వాడే రీడరు, ప్రింటరు తగిలించి కనీసం 100 సార్లు నిద్రపుచ్చి లేపాలి. లేచిన ప్రతిసారీ ప్రతి పరికరమూ పలికిందని రుజువు చూపాలి. ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు, కంప్యూటర్ తన గడియారంతో తానే నిద్రపోయి లేవగలదు. డ్రైవర్లలో దోషం బయటపడితే వారంటీ కాలమంతా సరిదిద్దే బాధ్యత అమ్మినవారిదే కావాలి.

కరెంటు ఆదా చేయమని ఆపరేటర్‌కు చెప్పేముందు, లేచాక పనిచేసే యంత్రాన్ని అతనికి ఇవ్వాలి.