కంప్యూటర్‌కు వచ్చిన భాష దఫ్తరుకు రాదా?

దేశదేశాలు చుట్టొచ్చిన కంప్యూటర్ పండితులు వైరా పిల్లలకు ఒకటే పాఠం చెప్తున్నరు. ప్రపంచమంతా ఒక్కటే ఊరట, ఇంగ్లీషు పట్టుకుంటే ఎక్కడ కూసున్నా పని దొరుకుతదట! ఇంగ్లీషు మీద మాకు కోపం లేదు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చి అమెరికా పోయిన మన పిల్లలున్నరు, సంతోషమే. కానీ చిన్న భాషలు కంప్యూటర్‌కు బరువంటే మాత్రం ఒప్పుకోం.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. ఆదిలాబాద్ గుంజాల ఊర్లో దొరికిన గోండి లిపికీ 2018లో దక్కింది. కోయ, లంబాడి మాటలను తెలుగు అక్షరాల్లోనే రాసుకోవచ్చు. మరి అడ్డం ఎవరు? మిషన్ కాదు, కుర్చీ.

ఏన్కూరు, జూలూరుపాడు దిక్కు పోయి అడగండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు పట్టాకు గ్రామసభే మొదటి మెట్టు. ఆ దరఖాస్తు ఏ గూడెంలోనన్నా కోయలో చేతికొచ్చిందా? తన భాషలో చదివి వినిపించని కాయిదం మీద ముసలవ్వ వేలిముద్ర ఎట్లేస్తది? 2011 లెక్కల్లోనే కోయ మాట్లాడేటోళ్లు నాలుగు లక్షల పైచిలుకు. బోడో, సంతాలీ 2003లో ఎనిమిదో షెడ్యూలుకెక్కినయ్. గోండి, కోయ, లంబాడి నేటికీ గడప బయటే. వైరా 2009 నుంచి గిరిజన సీటాయె!

మన యాసను సినిమాల్లో రౌడీలకు, జోకర్లకు తగిలిస్తే నిలదీసినం. 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. ఇప్పుడు కోయ బిడ్డల భాష మీద మనమే ఆ పెత్తనం చేస్తే ఏమనాలె?

పోడు దరఖాస్తును కోయలో, లంబాడిలో చదివి వినిపించే ఏర్పాటు ప్రతి మీసేవలో పెట్టండి. భద్రాచలం ఐటీడీఏ నుంచే మొదలుపెట్టండి.